అయిదేళ్ల సూది ఎవరి లెక్కలో ఉంది?

సంపాదకులకు నమస్కారం.

టీకాల్లో మన జిల్లా నూటికి నూరు శాతం సాధించిందని పోయినవారం జిల్లా పేజీలో రాశారు. శాలువాలు కప్పుకున్న అధికారుల ఫొటో కూడా వేశారు. ఆ రోజే రాద్దామనుకుని, కోపం తగ్గాక రాయొచ్చులే అని ఆగాను. తగ్గలేదు.

ఆ నూరు దేనికండీ? ఏడాదిలోపు పడాల్సిన సూదులకు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు జబ్బుల టీకా పెంటావాలెంట్, తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా, ఇలాంటివి పడితే చాలు, ఆ బిడ్డకు టీకాలు పూర్తయినట్టు రాసుకుంటారు. మరి ఏడాదిన్నర ప్రాంతంలో వేయాల్సిన డీపీటీ బూస్టరు? అయిదేళ్లు నిండాక వేయాల్సిన రెండోది? కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం నుంచి చంటితనంలో వచ్చిన రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ సన్నగిల్లుతుందనే కదా ఆ రెండూ పెట్టింది. పైగా ఏడేళ్లు దాటితే ఇక డీపీటీ వేయరు.

మొన్న శ్రావణంలో మా మనవడికి అయిదు నిండాయి. బుధవారం కార్డు పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "అయిదేళ్ల బాబు ఒక్కడేనండీ, పదిమంది వస్తేగానీ సీసా తెరవలేం, శనివారం రండి" అంది. శనివారం వెళ్తే మీటింగు. మళ్లీ బుధవారానికి ఇద్దరం పోగయ్యాం. "ఇద్దరి కోసం తెరిస్తే ఎనిమిది డోసులు వేస్టు కదా అమ్మా" అంది. ముప్పై రెండేళ్లు పిల్లలకు తీసివేతలు చెప్పినదాన్ని, పదిలోంచి రెండు పోతే ఎనిమిదని నాకూ తెలుసు. కానీ డీపీటీ సీసా తెరిచాక చల్లదనం చెడకుండా చూసుకుంటే 28 రోజుల దాకా వాడొచ్చని నిబంధన పెట్టింది ప్రభుత్వమే. నాలుగు గంటల్లో పారేయాల్సినవి బీసీజీ (క్షయ టీకా), తట్టు టీకాల సీసాలు. ఈ తేడా ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఎవరు, రిటైరైన పంతులమ్మా? ఆమెను తప్పుపట్టను. రెండు ఊళ్లు, మూడు యాప్‌లు, పైనుంచి వేస్టేజీ ఎందుకు పెరిగిందని మెమోల భయం.

నాలుగోసారి వేశారు. రాత్రికి జ్వరం వచ్చింది, సూది వేసినచోట గట్టిపడింది. పారాసిటమాల్ సిరప్ పడితే తెల్లారేసరికి లేచి బంతి కోసం వెతుక్కున్నాడు. ఈ ఒక్కరాత్రి జ్వరానికి భయపడి మా వీధిలో ఇద్దరు తల్లులు అసలు వేయించడమే మానేశారు.

వాళ్లు కోరింత దగ్గు చూడలేదు. నా చిన్నప్పుడు పక్కింటి మూడేళ్ల పిల్లకు వచ్చింది. దగ్గు మొదలైతే ఊపిరి తీసుకునే సందు దొరికేది కాదు. మొహం కంది నీలమయ్యేది, చివర్లో కూతలాంటి చప్పుడుతో గాలి లోపలికి లాగేది, ఆ వెంటనే తిన్నదంతా వాంతి. గాడిద పాల కోసం వాళ్లమ్మ ఉగ్గుగిన్నె పట్టుకుని వీధి చివర కాచుకునేది. వంద రోజుల దగ్గని ఊరికే అనలేదు. ఇక కొడవలితో బొడ్డు కోసి పేడ పూసిన రోజుల్లో ధనుర్వాతంతో పోయిన పసిగుడ్డులకు లెక్కే లేదు. బాలింతల, పసికందుల ధనుర్వాతాన్ని మన దేశం 2015 నాటికి అదుపులోకి తెచ్చిందంటే అది ఊరూరా తిరిగిన ఏఎన్‌ఎంల చలవ. శాలువా కప్పాల్సింది వాళ్లకు. ఫొటోలో ఒక్కరూ లేరు.

కంఠసర్పి వస్తే గొంతులో పొర కట్టి ఊపిరాడదు. విరుగుడు గుర్రాల రక్తం నుంచి తీసే సీరం. 2018లో ఢిల్లీలో పిల్లలు చనిపోతుంటే ఆ సీరం చాలినంత దొరకలేదు. రాజధానిలోనే అలా ఉంటే మన మండలం సంగతేమిటి?

మనవణ్ణి ఒకటో తరగతిలో చేర్చినప్పుడు ఆధార్ అడిగారు, కుల ధ్రువీకరణ అడిగారు, నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు అడిగారు, బ్యాంకు పాసుబుక్కు కూడా అడిగారు. టీకా కార్డు మాత్రం ఎవరూ అడగలేదు. సీసాకు పదిమంది కావాలంటారు, ఆ పదిమందీ ఒకటో తరగతి గదిలోనే బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంటారు! తల్లిదండ్రులకు ముందే కబురుపెట్టి ఒక్కపూట బడికి వస్తే పని అయిపోతుంది. ఎత్తూ బరువూ చూడటానికి ఎలాగూ వస్తున్నారు. పదేళ్లకు, పదహారేళ్లకు ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేయాల్సిన టీడీ సూది సంగతి హైస్కూలు పిల్లల్ని అడగండి, తెల్లమొహం వేస్తారు.

ప్రభుత్వం మారినప్పుడల్లా ఆరోగ్య కేంద్రం గోడల రంగూ, పైనున్న బొమ్మలూ మారుతున్నాయి. టీకాల బోర్డు మాత్రం పాతదే, దాని మీద పెంటావాలెంట్ పేరైనా లేదు. రంగు డబ్బాలో అడుగున మిగిలిన దాంతో అది తిరగరాయొచ్చు.

ఈసారి ఎవరైనా నూరు శాతం అని చెబితే, అయిదేళ్ల సూది ఎంతమందికి పడిందో మీ విలేకరిని ఒక్క ముక్క అడగమనండి. ఫొటో ఆ తర్వాత వేసుకోవచ్చు.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా