ఎలుక పద్యం ఎలా చదవాలంటే

ఒరే శ్రీనూ,

స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ రాసిన ఎలుక పద్యం ('టు ఎ మౌస్', నాగలికి గూడు చెదిరిన ఎలుకతో రైతు మాట్లాడేది) మూడో చరణం దగ్గర ఆగిపోయానని రాశావు. అక్కడ చాలామంది ఆగుతారులే. కానీ అది తప్పు స్పెలింగుల ఇంగ్లీషులా ఉందన్న మాట మాత్రం ఒప్పుకోను. అది స్కాట్స్, స్కాట్లండ్ వాళ్ళ భాష. ఇంగ్లీషు చెడితే స్కాట్స్ రాలేదురా, రెండూ ఒకే పాత భాష నుంచి చీలినవి. 1375లోనే జాన్ బార్బర్ స్కాట్స్‌లో 'బ్రూస్' కావ్యం రాశాడు. లాటిన్ కవి వర్జిల్ కావ్యం 'ఈనియడ్' మొత్తాన్ని గావిన్ డగ్లస్ 1513కల్లా స్కాట్స్‌లోకి తెచ్చేశాడు, అప్పటికి ఇంగ్లీషులో పూర్తి అనువాదమే లేదు. 1603లో స్కాట్లండ్ రాజు లండన్‌కు తరలిపోయాక ఈ భాషకు ఆస్థానం అండ పోయింది.

నిన్ను తికమకపెట్టిన ఆ అపాస్ట్రఫీల సంగతి. 'విత్'ని 'వి' అనీ, 'ఆల్'ని 'ఆ' అనీ రాసి పక్కన అపాస్ట్రఫీ పెట్టడం 18వ శతాబ్దపు అలవాటు. ఇంగ్లీషు పాఠకుడికి ఏదో అక్షరం రాలిపోయినట్టు కనిపించాలని. అక్కడ ఏమీ రాలలేదు, ఆ మాట అంతే. అందుకే 1947లో ఎడిన్‌బరోలో కవులు కూర్చుని రాతకు నియమాలు పెట్టుకున్నప్పుడు వాటిని వదిలేయమన్నారు. నువ్వూ అక్కడ ఆగకుండా చదువుకుంటూ పో.

ఇక చరణం కట్టుబడి. దాని పేరు 'స్టాండర్డ్ హ్యాబీ'. కిల్‌బార్కన్ ఊళ్ళో హ్యాబీ సింప్సన్ అనే పైపు వాద్యగాడు పోతే, 17వ శతాబ్దంలో రాబర్ట్ సెంపిల్ నవ్వు కలిపి రాసిన స్మృతి పద్యం నుంచి వచ్చింది. పేరు పెట్టినవాడు కవి ఆలన్ రామ్సే. ఆరు పాదాలు. 1, 2, 3, 5 పాదాలకు నాలుగేసి ఊనికలు (గట్టిగా నొక్కి పలికే చోట్లు), ఒకే అంత్యప్రాస. 4, 6 పొట్టివి, రెండేసి ఊనికలు, వాటి ప్రాస వేరు. మనకు అలవాటైన గురులఘువులు ఇక్కడ పనికిరావు, ఊనిక ఒక్కటే లెక్క. పద్యం మొదటి పాదం 'వీ స్లీకిట్ కౌరిన్ టిమ్రస్ బీస్టీ' అన్నప్పుడు స్లీ, కౌ, టిమ్, బీ దగ్గర నొక్కు. మూడు పొడుగు పాదాలూ ఒక్క ఊపున సాగాలి, నాలుగోది టక్కున ఆపాలి. 'గ్యాంగ్ అఫ్ట్ అగ్లై' (తరచూ తలకిందులవుతాయి) అలాంటి పొట్టి పాదమే. పొడుగు పాదాల వేగంతోనే దీన్నీ లాగేస్తే దెబ్బ తగలదు. దీనికి జత ఆరో పాదం చివర 'జాయ్'. ప్రాస కుదరలేదే అనిపిస్తుంది. పాత స్కాట్స్ ఉచ్చారణలో 'ఆయిల్'ని 'ఐల్' అన్నట్టే 'జాయ్'ని 'జై' అని చూడు, అతికినట్టు సరిపోతుంది.

ఇప్పుడు నీ మూడో చరణం. 'డేమెన్ ఇకర్ ఇన్ ఎ త్రేవ్' అంటే 24 పనలకు ఎప్పుడైనా ఒక కంకి. త్రేవ్ అంటే లెక్కకు 24 పనలు. ఇది తెలియకపోతే చరణమంతా ఉత్త జాలిగా మిగిలిపోతుంది. తెలిస్తే, పొలం దున్నుకునే మనిషి తన పంటలో ఎలుక వాటా లెక్కగట్టి 'ఆ మాత్రం తిననీ' అంటున్నాడని అర్థమవుతుంది. నాకు పద్యమంతటిలో ఇదే ప్రాణం. మొదటి చరణంలోని 'పాటిల్' కూడా పొలం వస్తువే, నాగలికి అంటిన మట్టి గీకే చిన్న పార.

తెలిసినట్టే కనిపించి మోసం చేసే మాటలతో జాగ్రత్త. నాలుగో చరణంలో 'బిగ్' అంటే కట్టడం, 'సిల్లీ' గోడలంటే బలం లేని గోడలు. అనుమానం వస్తే స్కాట్స్ భాషా నిఘంటువు నెట్‌లో ఉచితంగా ఉంది, పాత కొత్త అర్థాలు ఉదాహరణలతో సహా దొరుకుతాయి. 'నిఖ్ట్', 'లాఖ్' లాంటి మాటల్లో గొంతులోంచి వచ్చే ధ్వనికి హైదరాబాద్ ఉర్దూలో 'ఖబర్' అనే తీరు చాలు.

ఇంకో సంగతి, రెండో చరణం దాదాపు ఇంగ్లీషే. మనిషి పెత్తనం గురించి తాత్వికంగా మాట్లాడేటప్పుడు ఆ భాష, ఎలుకతో మాట్లాడేటప్పుడు ఇంటి భాష. ఆ మలుపు దగ్గర గొంతు మారాలి.

ఈ ఎనిమిది చరణాలూ అయ్యాక బర్న్స్ కంటే ముందటి స్కాట్స్ కవి రాబర్ట్ ఫెర్గుసన్‌ను చదువు. 1774లో 24 ఏళ్ళకే పోయాడు. ఎడిన్‌బరో వీధుల్ని ఇదే హ్యాబీ చరణంలో పెట్టాడు. బర్న్స్‌కు అతనంటే ఎంత గౌరవమంటే, ఎడిన్‌బరోలోని కానన్‌గేట్ శ్మశానంలో గుర్తులేని అతని సమాధికి తన ఖర్చుతో రాయి వేయించాడు. 20వ శతాబ్దపు స్కాట్స్ కవి హ్యూ మెక్‌డైర్మిడ్ 1926 నాటి పొడవైన కావ్యం జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకు. నిఘంటువుల్లోంచి ఏరిన పాత మాటలు అందులో చాలా ఉన్నాయి, చెవి కుదిరాకే దాని రుచి తెలుస్తుంది.

నీ
రఘు