ఆరు వారాలు నా పని మోసినవాళ్లకు

వుడ్స్ హోల్‌లో 'ఫ్రాంటియర్స్ ఇన్ రీప్రొడక్షన్' కోర్సు ముగించుకుని మొన్ననే ఇల్లు చేరాను. సర్టిఫికెట్ ఫొటో పెట్టగానే వాట్సాప్ నిండా అభినందనలు. వాటిలో సగానికి పైగా వేరేవాళ్ల ఖాతాలో పడాల్సినవి. ఎవరెవరి ఖాతాలోనో ఇక్కడ రాస్తున్నాను. పేర్లు వద్దన్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, కేప్ కాడ్ నైరుతి మూలన సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు వుడ్స్ హోల్. 1888 నుంచి ఆ ఊళ్లో మెరైన్ బయలాజికల్ లేబొరేటరీ ఉంది. పునరుత్పత్తి జీవశాస్త్రంలో కొత్తగా అడుగుపెట్టిన పీహెచ్‌డీ విద్యార్థులకు, పోస్ట్‌డాక్‌లకు, డాక్టర్లకు 1998లో అక్కడ ఈ ఆరు వారాల కోర్సు మొదలైంది. పాఠాలు విని, ఇక ల్యాబ్‌లో కూర్చుంటాం. ఎప్పుడు లేస్తామో ఎలుక అండాల దయ.

మొదటి దండం మా ల్యాబ్‌లోని బెంగాలీ దీదీకి. ఎలుకల కాలనీ ఉన్నవాళ్లకు సెలవంటూ ఉండదు. జత కట్టించిన ఆడ ఎలుకలను తెల్లారి చూసుకోవాలి, పొద్దెక్కితే ప్లగ్ (జత కట్టాయనడానికి గుర్తుగా ఆడ ఎలుక యోనిలో గట్టిపడే ముద్ద) రాలిపోతుంది, జత కట్టిన తేదీ తెలియకుండా పోతుంది. మూడు వారాల పిల్లలను తల్లి నుంచి వేరుచేయాలి, జీనోటైపింగ్‌కి, అంటే ఏ పిల్లకు ఏ జన్యువు వచ్చిందో చూసే పరీక్షకి, తోక నుంచో చెవి నుంచో చిన్న ముక్క తీయాలి. ఎలుకకు చూలు ఇరవై రోజులే కాబట్టి ఆరు వారాలంటే రెండు కాన్పుల కాలం. తన ప్రయోగాలు తనకుండగా, అవన్నీ ఆవిడే చూసింది. నేను తిరిగొచ్చేసరికి ప్రతి పంజరం కార్డు మీదా తేదీలు ముత్యాల్లా రాసి ఉన్నాయి.

తర్వాత మా అత్తమ్మకి. తెనాలి నుంచి వచ్చి మూడేళ్ల పిల్లాణ్ణి చేతుల్లోకి తీసుకుని "నువ్వెళ్లిరా అమ్మా, వాడి సంగతి నేను చూసుకుంటా" అంది. మళ్లీ తనే ఊళ్లోవాళ్లకు ఫోన్ చేసి, "మా కోడలు ఎలుకలకు పురుళ్లు పోసే చదువు చదువుతోంది" అని చెప్పుకుంది. నా ఉద్యోగాన్ని ఇంతకన్నా చక్కగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. పిల్లలున్న ఆడవాళ్లు ఇలాంటి కోర్సులకు ఎందుకు అప్లై చేయరో కారణాలు వెతికే కమిటీలు మా అత్తమ్మతో ఓ గంట మాట్లాడితే చాలు.

మూడోది చాలా వెనకటి బాకీ. హర్యానాలోని కర్నాల్‌లో పీహెచ్‌డీ చేసే రోజుల్లో గేదె అండాశయాలు ఢిల్లీ కబేళా నుంచి వచ్చేవి. తీసిన వెంటనే యాంటీబయాటిక్ కలిపిన గోరువెచ్చటి సెలైన్‌లో వేసి, ఫ్లాస్కులో పెట్టి, కొన్ని గంటల్లోనే ల్యాబ్‌కు చేర్చాలి. ఆలస్యమైతే ఆ రోజు పని గంగలో కలిసినట్టే. అసలే ఆవుతో పోలిస్తే గేదె అండాశయంలో ఫాలికల్స్ (అండం పెరిగే చిన్న సంచులు) తక్కువ, పనికొచ్చే అండాలు ఇంకా తక్కువ. కబేళాలో ఒక ముసలాయన చెడినవి పక్కన పడేసి, మంచివి ఏరి ఇచ్చేవాడు. ఇవెందుకని ఒక్కసారి అడిగాడు. ల్యాబ్‌లో గేదె పిండాలు తయారుచేయడానికని చెబితే, "అయితే మంచివే ఇవ్వాలి" అన్నాడు. థీసిస్‌లలో 'కబేళా నుంచి సేకరించాం' అని ఒక్క వాక్యం ఉంటుంది, అంతే. షుక్రియా, చాచా.

ఇక టీచర్లు. మనిషి అండానికి వాడే మామూలు సూదితో ఎలుక అండంలోకి వీర్యకణం ఎక్కించబోతే చాలావరకు అండాలు చితికిపోతాయి. పైజో పల్స్‌తో, అంటే కరెంటు ఇచ్చినప్పుడు సూది మొనకు వచ్చే అతి చిన్న కుదుపుతో, ఆ పని చేయవచ్చని 1995లో కిమురా, యానగిమాచి అనే శాస్త్రవేత్తలు చూపించారు. పేపర్లో చదివితే తేలిగ్గానే ఉంటుంది. పల్స్‌తో పైగోడకు కంత చేశాక, లోపలి పొరను తెగనివ్వకుండా సూదితో అవతలి అంచు దగ్గరిదాకా నెట్టుకుపోవాలి. అప్పుడొక చిన్న పల్స్. ఎంతదాకా నెట్టాలో పక్కన కూర్చున్న మనిషి "ఇంకా, ఇంకా, ఇప్పుడు" అంటేనే చేతికి తెలిసింది. ఆమె సొంత ల్యాబ్ ఉన్న ప్రొఫెసర్. ఆ రాత్రి నా మైక్రోస్కోప్ పక్కన కూర్చోవలసిన పని ఆమెకు ఏమాత్రం లేదు.

అక్కడే ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్ గురించి విన్నాను. నల్లజాతి శాస్త్రవేత్త, 1909 నుంచి చాలా వేసవులు వుడ్స్ హోల్‌లోనే పనిచేశాడు. సముద్రజీవుల అండాలను ఎలా పట్టాలి, ఎలా శుభ్రంగా ఉంచాలి అన్నదాంట్లో ఆయనంత నేర్పరి లేడని చెబుతారు, ఎందరో ఆయన దగ్గర అడిగి తెలుసుకునేవారు. అయినా రంగు కారణంగా అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఆయనకు చోటు దొరకలేదు, చివరికి పరిశోధన కోసం యూరప్ దారి పట్టాడు. అందరికీ పని నేర్పిన మనిషికి ఆ గతి పట్టడం నాకింకా మింగుడు పడలేదు.

మన దగ్గర పిల్లలకు తెలివికి, కష్టానికి కొదవ లేదు. రెండు రోజుల వర్క్‌షాపుల్లో ఇరవైమంది ఒక మైక్రోస్కోప్ చుట్టూ నిలబడి చూసి, సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లిపోతారు. దానికీ, వారాల తరబడి ఒకరి పక్కన కూర్చుని చేయి తిరిగేదాకా నేర్చుకోవడానికీ పోలికే లేదు. హైదరాబాద్‌లోనో తిరుపతిలోనో అలాంటి కోర్సు ఒకటి పెట్టేవాళ్లుంటే, నా వేసవి సెలవులు రాసిస్తాను.

వెటర్నరీ, జువాలజీ, మెడికల్ చదివి ఈ కోర్సుకు అప్లై చేయాలనుకునేవాళ్లు ఇక్కడే మెసేజ్ పెట్టండి. మీ స్టేట్‌మెంట్ చదివి, ఎక్కడ మార్చాలో చెబుతాను. ఫీజుకు ఆర్థిక సాయం ఎలా అడగాలో కూడా చెబుతాను, మొహమాటపడకండి, నేనూ అడిగే వెళ్లాను. ఆదివారాలైతే త్వరగా జవాబిస్తాను. మిగతా రోజుల్లో దీదీ ఎలుకలు నా వంతు.