పూడిక తీస్తున్నారు సరే, గుట్ట సంగతేమిటి?

కర్ణాటక చిన్న నీటిపారుదల శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

చిక్కబళ్ళాపురం జిల్లాలో పుట్టి, బెంగళూరు యలహంకలో బతుకుతున్న తెలుగువాణ్ణి. వేసవి వస్తే మీ శాఖ పూడికతీతకు టెండర్లు పిలుస్తుంది. చెరువుల్లోకి జేసీబీలు దిగుతాయి, ట్రాక్టర్లు ఒండ్రును పొలాలకు తోలుతాయి. నాలుగు పెద్ద వానలు పడ్డాయంటే తూము కాడ మళ్లీ మట్టి మేటేస్తుంది. 2018 నుంచి బెంగళూరు కోరమంగల-చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన మురుగునీళ్లు కోలారు చెరువులకు పోతున్నాయి, ఆ తర్వాత హెబ్బాళ-నాగవార లోయ నీళ్లు మా వైపూ వచ్చాయి. ఆ నీటి నాణ్యత మీద పడాల్సిన గొడవ వేరే ఉంది, ఇప్పుడు దాని జోలికి పోను. అంత ఖర్చు పెట్టి పంపుచేసిన నీటికి చెరువులో చోటుండాలి కదా? ఆ చోటును మింగుతున్నది ఎగువ వాలుల నుంచి దిగే మట్టి. పూడికకు పెట్టే డబ్బులో కొంతైనా గుట్ట మీద పెట్టండి అని అడగడానికే ఈ ఉత్తరం.

నంది కొండల చుట్టుపక్కల కొత్తగా లేఅవుట్ కోసం కోసిన ఏ గట్టునైనా ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. పైన జానెడు ఎర్రమట్టి. దాని కింద గోటితో గీరితే రాలిపోయే గరుసు. ఆ కింద బండ. లాల్‌బాగ్‌లో బోర్డు పెట్టి చూపించే రాయి వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. ఈ సీమ రాయి అంత ముసలిది, మట్టి మాత్రం ఇంత పల్చన. ఆ జానెడు తయారవడానికి వేల ఏళ్లు పట్టింది. చెట్టూ గడ్డీ కప్పి ఉన్నన్నాళ్లూ వాలు నుంచి పోయే మట్టికీ, కింద రాయి చివికి కొత్తగా చేరే మట్టికీ ఇంచుమించు సరిపోతుంది. దున్నిన వాలుల్లో మట్టి తయారయ్యే దానికన్నా పదింతల నుంచి వందింతలు వేగంగా పోతోందని ప్రపంచమంతటా జరిగిన కొలతలు చెబుతున్నాయి. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు పోతే కంటికి ఆనదు. లెక్కేస్తే 4 ఘనమీటర్లు, ఒక ట్రాక్టరు ట్రాలీలో పట్టదు.

ఇక యంత్రం తగిలిన గుట్ట సంగతి. పాదాన్ని నిలువుగా కోస్తే పైవాలుకు ఆసరా పోతుంది. రోడ్డేస్తే, వాలంతా పరుచుకుని దిగాల్సిన నీళ్లు ఒక్క కల్వర్టు దగ్గర గుమిగూడి గండి కొడతాయి. ఆ గండి గరుసును తినుకుంటూ వానవానకూ పైకి పాకుతుంది. క్వారీల్లో రాయి మీది మట్టిని వాలు మీదికి నెట్టి వదిలేస్తారు. కొత్తగా నీలగిరి (యూకలిప్టస్) చెట్లు నాటడాన్ని 2017లో ప్రభుత్వం నిషేధించింది, సంతోషం. మరి తోపు కొట్టేశాక బోడిగా మిగిలిన నేల ఎవరి పూచీ? 2021 ఆగస్టులో నంది కొండ దారిలో చరియ విరిగిపడి రాకపోకలు ఆగిపోయాయి. కుండపోత వాన అని సరిపెట్టుకున్నాం.

మా చెరువుకు ఎగువన ఒక లేఅవుట్ వాళ్లు వంకను పూడ్చి రోడ్డేసుకున్నారు. ఫిర్యాదు పట్టుకుని వెళ్తే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించింది. గుట్ట ఒకరిది, రాయి ఒకరిది, రోడ్డు మరొకరిది. మట్టి మాత్రం చివరికి మీ పద్దులోనే పడుతోంది మంత్రిగారూ.

ఇప్పుడు తవ్వకం ఆపేసినా వెంటనే తీరిపోదు. కాలిఫోర్నియాలో బంగారం కోసం నీటి ధారలతో కొండల్ని కరిగించిన పనిని 1884లో కోర్టు ఆపించింది. 1917లో గిల్బర్ట్ అనే భూవిజ్ఞాని నివేదిక ఇచ్చేనాటికీ ఆ మట్టి నదుల్లో దిగువకు కదులుతూనే ఉంది. మన వంకల్లో ఇప్పటికే చేరిన మేట కూడా అంతే, ఒక్కో వానకు కొంత కొంత దిగుతుంది.

పెన్నా, చిత్రావతీ ఈ కొండల్లోనే పుట్టి ఆంధ్రకు పోతాయి. కడప జిల్లాలో 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు చెబుతూ, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటాన్నీ అందులో చేర్చింది. ఆ రాయించినాయన మన ఫైళ్లు చూడకుండానే కనిపెట్టాడు! దిగువ వాళ్లు అడగలేరు కాబట్టి ఎగువన ఉన్న మేమే అడగాలి.

చెరువుకు ఎగువ వాలులో లేఅవుట్‌కైనా, క్వారీకైనా, రిసార్టుకైనా మీ శాఖ సమ్మతి లేకుండా అనుమతి ఇవ్వకుండా చూడండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వాలు కొత్తగా తెరవనివ్వకండి. తెరిచిన చోట మట్టి ఆపే గుంతలు, వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో సాగే రాతికట్టలు పెట్టాకే తర్వాతి ముక్క తవ్వాలి. వంక పూడ్చినవాళ్ల చేతనే తెరిపించండి. పూడిక టెండరుతో పాటే ఎగువ గండ్లకు రాతి అడ్డుకట్టల పనీ కలపండి, లేకపోతే బిల్లు ఆపండి. ముందు తాలూకాకు ఒక్క చెరువునైనా ఎంచుకుని, వానలకు ముందూ తర్వాతా దాని అడుగు మట్టం కొలిపించి, ఎన్ని ఘనమీటర్ల మట్టి చేరిందో పంచాయతీ గోడ మీద కన్నడంలోనూ తెలుగులోనూ రాయించండి.

ఇట్లు,
యలహంక నుంచి ఒక చిక్కబళ్ళాపురం వాడు