మన తిండి, మన జన్యువులు

సంపాదకుల వారికి,

పశుపోషణ మొదలయ్యాక, అంటే గత 10,000 ఏళ్లలోనే, పెద్ద వయసులోనూ పాలు అరిగించుకునే శక్తి కొన్ని సమూహాల్లో ప్రకృతివరణం (బతకడానికీ, పిల్లల్ని కనడానికీ తోడ్పడే లక్షణాలు తరతరాలుగా పెరగడం) వల్ల వ్యాపించింది. ఈ శక్తినిచ్చే ఐరోపావారిలోని జన్యుమార్పే మన దేశంలోనూ ప్రధానంగా ఉన్నదని హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన తేల్చింది. తిండి మనిషిని మార్చగలదు, కాని దానికి వందల తరాలు పడుతుంది.

జొన్నరొట్టె తిన్న మా తాతగారికీ, తెల్లన్నం, తీపి పానీయాలతో పెరుగుతున్న నా మనవడికీ మధ్య ఉన్నవి నాలుగు తరాలే; ఈ కొత్త తిండికి మన జన్యువులు అలవాటు పడేందుకు అది చాలదు. పైగా ఇలాంటి తిండితో ముప్పు పెరిగే మధుమేహం ఎక్కువగా పిల్లలు పుట్టాకే బయటపడుతుంది కనుక, ప్రకృతివరణం దానిని సులభంగా తొలగించలేదు. ఇదే నన్ను కలవరపెడుతున్నది. మధ్యాహ్న భోజనంలో వారానికి రెండు రోజులైనా జొన్న, రాగి వంటకాలు పెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్