తెగిపడిన తీగ, ముందుగా చేరుకునే కానిస్టేబుల్: విద్యుత్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఉప ముఖ్యమంత్రి, విద్యుత్ శాఖ మంత్రి శ్రీ భట్టి విక్రమార్క గారికి నమస్కారములు.

2023 నవంబరు 19 తెల్లవారుజామున బెంగళూరు వైట్‌ఫీల్డ్ ప్రాంతంలోని కాడుగోడిలో, ఫుట్‌పాత్‌పై తెగిపడిన 11 కేవీ (11 వేల వోల్టుల) తీగ మీద కాలు పడి ఒక యువతి, ఆమె చంకలోని తొమ్మిది నెలల పాప ప్రాణాలు కోల్పోయారు. కాపాడబోయిన భర్త కూడా గాయపడ్డాడు. మన దగ్గరా గాలివాన వచ్చినప్పుడల్లా తీగలు రోడ్ల మీద పడుతూనే ఉన్నాయి.

తీగ తెగితే జనం ముందుగా 100కే ఫోన్ చేస్తారు. చాలాసార్లు లైన్‌మన్ కంటే ముందు గస్తీ కానిస్టేబులే వస్తాడు. అక్కడ ఒక పిల్లవాడు పడి ఉంటే ఆయన చేతిలో లాఠీ తప్ప మరేమీ ఉండదు. తీగ నేలను తాకగానే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ అయి, అంటే స్విచ్ దానంతట అదే పడిపోయి, సరఫరా ఆగుతుందని నమ్మడానికి వీల్లేదు. పొడి మట్టి మీదో తారు మీదో పడినప్పుడు భూమిలోకి పోయే కరెంటు తక్కువగా ఉండి లోపాన్ని పసిగట్టి బ్రేకర్‌కు చెప్పే రిలే అనే పరికరం దాన్ని గుర్తించకపోవచ్చు. రవ్వలు, చప్పుడు లేకపోయినా తీగలో సరఫరా ఉండవచ్చు. ఒకవేళ ట్రిప్ అయినా, కింద ఏం జరిగిందో తెలియని ఆపరేటర్ ఫీడర్‌ను (సబ్‌స్టేషన్ నుంచి ఆ ప్రాంతానికి వెళ్లే లైన్‌ను) మళ్లీ చార్జ్ చేసి, అంటే అందులోకి కరెంటు వదిలి చూస్తే, సరిగ్గా అప్పుడే కానిస్టేబుల్ బిడ్డ మీద చేయి వేసి ఉండవచ్చు. తీగ చుట్టుపక్కల నేలలోనూ వోల్టేజీ పరుచుకుని ఉంటుంది కనుక, పెద్ద అంగలతో పరుగెత్తేవాడి రెండు కాళ్ల గుండా కరెంటు పారుతుంది. తడిసిన కర్ర ఏమాత్రం రక్షణ కాదు.

ఇలాంటి చోట తెగించి బిడ్డను బయటకు లాగిన పోలీసులకు శాలువాలు కప్పుతాం. అది వారికి దక్కవలసిన గౌరవమే. అయితే కళ్లముందు పసివాడు కొట్టుకుంటుంటే ఆగమని ఏ మనిషికీ చెప్పలేం; సరఫరా నిలిచేదాకా ఆగవలసిన ఆ సమయాన్ని ఒక్క నిమిషానికి కుదించడం మాత్రం మీ శాఖ చేతిలో ఉంది.

1912 వినియోగదారుల ఫిర్యాదుల నంబరు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అది చాలదు. ప్రతి పోలీస్ స్టేషన్‌కూ, గస్తీ వాహనానికీ ఆ పరిధిలోని సబ్‌స్టేషన్ల నేరు ఫోన్ నంబర్లు ఇవ్వాలి. కానిస్టేబుల్ ఒక్క ముక్కలో చెప్పగలిగేలా స్తంభాలపై ఫీడర్ పేరు, స్తంభం నంబరు రాయించాలి. పోలీసు ఫోన్ చేసిన వెంటనే, పై అధికారి అనుమతి కోసం ఎదురుచూడకుండా ఆపరేటర్ ఆ ఫీడర్‌ను ఆపాలనీ, మనుషులు దూరంగా ఉన్నారని అక్కడి నుంచి కబురు వచ్చేదాకా తిరిగి చార్జ్ చేయరాదనీ లిఖితపూర్వక ఆదేశం ఉండాలి. అలా ఆపినందుకు ఆ ఆపరేటర్‌పై ఏ చర్యా ఉండదని కూడా అందులోనే రాయండి. సంజాయిషీ భయమే చాలాసార్లు చేతులు కట్టేస్తుంది.

వచ్చే వేసవి గాలివానలకు ముందే కనీసం ఒక జిల్లాలో దీన్ని అమలు చేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విద్యుత్ సంస్థ విశ్రాంత ఉద్యోగి