మీ చీరల సంగతి, నా ఇన్సూరెన్స్ సంగతి

మూడు లాంతర్ల దగ్గర కనిపించినా, కొట్టు ముందు ఆగినా, ఈ మధ్య అందరూ నన్ను అడుగుతున్నది ఒక్కటే. "ఇన్సూరెన్స్ డబ్బులు వచ్చేశాయంట కదా బాబూ, మరి మా చీర సంగతేటి?" ఒక్కొక్కరికీ విడిగా చెబుతుంటే మాట మారిపోతోంది. అందుకే ఉన్నది ఉన్నట్టు అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

పైడితల్లమ్మ పండగకి పదకొండు రోజుల ముందు, అర్ధరాత్రి దాటాక మా డ్రైక్లీనింగ్ కొట్లో నిప్పు రేగింది. స్టీమ్ ఇస్త్రీ బల్ల వెనక వైరు కాలింది. ఫైరింజన్ వచ్చి అరగంటలో ఆర్పేసింది. అప్పుడు లోపల మీ బట్టలు 63 ఉన్నాయి. కాలినవి తొమ్మిదే. మిగతావాటికి పొగ పట్టింది, లేదా నీళ్లకి రంగు దిగింది. ఒక ఎర్ర పట్టుచీర అంచు రంగంతా కింద ఉన్న తెల్లటి పొందూరు పంచెలోకి పాకి ఉంది. పొద్దున్న అది చేత్తో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నీళ్ల వల్ల పోయినదానికి క్లెయిమ్ రాదేమో అని ముందు భయపడ్డాను. నష్టం లెక్క కట్టడానికి వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్ గారు నవ్వారు. "నిప్పే లేకపోతే ఎవరైనా మీ కొట్లో నీళ్లు ఎందుకు కొడతారు? అసలు కారణం నిప్పు. ఆర్పడానికి కొట్టిన నీళ్ల నష్టం కూడా అందులోదే" అన్నారు. నా అజాగ్రత్త వల్లే అంటుకుంది కదా అని అడిగితే, కావాలని తగలబెట్టుకుంటే తప్ప మామూలు ఏమరుపాటుకి ఫైర్ పాలసీ అడ్డు చెప్పదన్నారు.

అంతవరకు బాగుంది. అసలు దెబ్బ తర్వాత తగిలింది.

మెషీన్లు, ఫర్నిచర్, సామాను కలిపి 5 లక్షలకి పాలసీ చేయించాను. ప్రీమియం తగ్గుతుందని అలా రాయించాను, దాచడానికేముంది. సర్వేయర్ లెక్కలో వాటి విలువ 8 లక్షలు తేలింది. నష్టం 2 లక్షల 40 వేలు. 5 లక్షల లోపే కదా, మొత్తం వచ్చేస్తుందనుకున్నాను. అలా కాదట. 8 రూపాయల వస్తువుకి 5 రూపాయలకే బీమా చేస్తే మిగతా 3 రూపాయలకి నువ్వే బీమా కంపెనీ అన్నట్టు లెక్క కడతారు. నష్టంలో కూడా ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు, అంటే లక్షా 50 వేలు. అందులో ఎక్సెస్ కోత, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన వాటా, పోను మిగిలింది చేతికొచ్చింది. కాస్త తేడా ఉంటే మన్నించే వీలు పాలసీలోనే ఉంది, నాది కాస్త తేడా కాదు.

ఇక మీ బట్టలకి ఆ పాలసీలో ఒక్క రూపాయి కూడా లేదు. "స్టాక్ ఎంత?" అని ఏజెంట్ అడిగినప్పుడు, అమ్మే సరుకు ఏమీ లేదు కాబట్టి సబ్బులు, కవర్లు, హ్యాంగర్ల విలువ చెప్పాను. నా దగ్గర నమ్మకంతో ఉంచిన పరాయి సొమ్ము అనే లైను ఒకటి రాయించుకోవాలని తట్టలేదు. నాది కాని చీరకి నేను బీమా ఎలా చేయిస్తాను అనుకున్నాను. చేయించుకోవచ్చట. అది పోతే జవాబు చెప్పాల్సింది నేను కాబట్టి, దాని మీద నాకూ బీమా చేసుకునే హక్కు ఉన్నట్టే.

జవాబు నేనే ఎందుకు చెప్పాలి? 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో ఉంది. పని కోసం వస్తువు అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటుని బెయిల్‌మెంట్ అంటారు. మామూలు తెలివి ఉన్న మనిషి తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, తీసుకున్నవాడు దాన్ని అంత జాగ్రత్తగా చూడాలి. అలా చూసినా పోతే వాడి తప్పు లేదంటుంది 152వ సెక్షన్. ఆ సెక్షన్ చాటున దాక్కోవచ్చని తెలిసినవాళ్లు ఒకరు సలహా ఇచ్చారు. కానీ ఆ వైరు మార్చమని ఎలక్ట్రీషియన్ ఎండాకాలంలోనే చెప్పాడు. పండగ సీజను అయ్యాక చూద్దామని ఆపింది నేను.

రసీదు వెనక "అగ్నిప్రమాదానికి మేము బాధ్యులం కాము" అని ఉంది కదా అంటారా? అది వేరే కొట్టు రసీదు చూసి ప్రింటింగ్ ప్రెస్‌లో కొట్టించిన లైను. పోయిన చీరకి సగం ధరే ఇస్తామని రసీదులో రాసుకున్న ఒక లాండ్రీ కేసులో, అలాంటి షరతు చెల్లదని మద్రాసు హైకోర్టు 1960లలోనే చెప్పింది. కొత్త రసీదుల్లో ఆ లైను తీసేశాను.

ఇప్పుడు లెక్క. 63లో 22 బట్టలు మళ్లీ ఉతికి బాగుచేశాం, డబ్బులు అక్కర్లేదు. మిగిలిన 41కి నేనే కట్టిస్తాను. 3 వేల లోపువి ఈ నెలలోనే, పైవి మూడు వాయిదాల్లో. బిల్లు ఉంటే బిల్లు, లేకపోతే ఫోటో తెండి. ఎన్నేళ్లు కట్టుకున్నారో చూసి ధర వేస్తాం. కొత్త చీర ధర మొత్తం ఇవ్వలేను, అది నిజం. ఒక మామ్మగారు పెళ్లి ఆల్బమ్ తెచ్చి అందులో చీర చూపించారు. 1981 నాటిది. దానికి నేను చెప్పిన ధర విని, "ఇది కొన్న ధరా, కట్టుకున్న ధరా నాయనా?" అన్నారు. నా దగ్గర మాట లేదు.

నా లెక్క నచ్చనివాళ్లు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. ఫిర్యాదు రెండేళ్లలోపు వేయాలి. మీరు నాకిచ్చిన చార్జీల స్థాయికి అక్కడ ఫీజు ఉండదు. వెళ్లారని నేను కోపం పెట్టుకోను.

వైరింగంతా మార్చాం. కొత్త పాలసీలో మీ బట్టల లైను ఉంది. అందుకే ఇకనుంచి రసీదులో మీ బట్ట విలువ రాయమని అడుగుతాం, విసుక్కోకండి. పదివేలు దాటిన చీరైతే ఇచ్చేటప్పుడే చెప్పండి.

37వ నంబరు టోకెన్ వారు ఇంకా రాలేదు. నెమలికంఠం రంగు చీర, జరీ బుటా. రసీదులో రాసిన ఫోన్ నంబరు తడిసి చెరిగిపోయింది. ఆదివారం తప్ప రోజూ రాత్రి తొమ్మిది దాకా కొట్లోనే ఉంటాను.