బెంగళూరు మారతహళ్లి వంతెన దగ్గర కుక్కను కాపాడిన అన్నకు

దీపావళి రాత్రి లక్ష్మీబాంబుల మోతకు బెదిరి ఇల్లు దాటిన లాబ్రడార్‌ను పట్టి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన అన్నా, మా జంతు సహాయ బృందం తరఫున మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

మీరు దాని వెంటపడలేదు. తరిమితే బెదిరిన కుక్క నేరుగా వాహనాల మధ్యకే దూకుతుంది. పక్కకు తిరిగి, దాని కళ్లలోకి చూడకుండా కింద కూర్చున్నారు. పెరుగన్నం ముద్ద నేలమీద పెట్టి, అదే దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టారు. మెడపట్టీ పట్టి లాగకుండా తువ్వాలును ఉచ్చులా వేశారు. అదే అసలు మెళకువ! పట్టీ వదులుగా ఉంటే కుక్క వెనక్కి గుంజుకుని తల తప్పించేస్తుంది. పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరితే చాలు. పండగ రోజుల్లో ఛాతీకి హార్నెస్ (ఒంటి చుట్టూ బిగించే పట్టీ) కూడా వేసి, రెండింటికీ తాడు తగిలించడం మేలు.

కాలిన దాని పాదానికి పసుపు, టూత్‌పేస్ట్, ఐసు ఏదీ పెట్టకుండా పది నిమిషాలకు పైగా చన్నీళ్లు ధారగా పోశారు. నొప్పి మాత్ర వేయబోయిన వాళ్లను ఆపారు, అందుకు మరో దండం. మనుషుల ఐబుప్రోఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ మాత్రే ప్రాణాంతకం.

తర్వాత డాక్టరు దగ్గర దాని భుజాల మధ్య చర్మం కింద ఉండే గుర్తింపు చిప్ స్కాన్ చేయించారు కదా, యజమాని దొరికింది దానివల్లే. చిప్‌లో ఉండేది 15 అంకెల సంఖ్య మాత్రమే, జీపీఎస్ కాదు. కుక్కల్ని పెంచుకునేవాళ్లారా, మీ ఫోన్ నంబరు మారితే చిప్ నమోదు చేసినచోట వెంటనే మార్పించండి.